కాజీగుండ్‌లో మిర్చి లారీ ఆగిపోయింది, డీజిల్ గడ్డకట్టింది. ఏం చేయాలి?

మిర్చి లోడు, గుంటూరు (సోమవారం రాత్రి 9.40)

అందరికీ నమస్కారం. కంగారులో రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి. మాది 12 చక్రాల లారీ, 2018 మోడల్. యార్డులో మిర్చి బస్తాలు వేసుకుని శ్రీనగర్ వెళ్తోంది. నడిపేది మా బావమరిది, తోడుగా క్లీనరు. శనివారం సాయంత్రం సొరంగం దాటి కాజీగుండ్‌లో దిగగానే, ముందు మంచు పడుతోందని లారీలన్నిటినీ నిలిపేశారు. రెండు రాత్రులు అక్కడే. రాత్రి మైనస్ 8 అట. ఈ రోజు పొద్దున సెల్ఫ్ కొడితే రెండో దెబ్బకే అందుకుంది. అయిదు నిమిషాలు బాగానే ఆడి, తరువాత ఊపిరాడనట్టు గుంజుకుని ఆగిపోయింది. మళ్లీ పట్టలేదు. ట్యాంకు మూత తీసి చూస్తే మీగడ కట్టినట్టు తెల్లగా ఉందట. ఫోటో పంపాడు, అచ్చం పేరుకున్న నెయ్యి డబ్బా. బ్యాటరీ కూడా నీరసపడుతోంది. నేనిక్కడ జనవరిలోనూ ఫ్యాను వేసుకుని కూర్చున్నాను, ఫోనులో వాడికి ఏం చెప్పాలో తోచడం లేదు. పక్క లారీ వాళ్లు ట్యాంకు కింద మంట పెట్టమంటున్నారట. పెట్టమని చెప్పనా?

బందరు రోడ్డు (రాత్రి 9.52)

పెట్టమనండి, భయం లేదు. సిమ్లా వైపు వెళ్లినప్పుడు మావాళ్లు పాత టైరు ముక్క కాల్చి అలాగే కరిగించారు. డీజిల్ పెట్రోలులా భగ్గుమనదు. అన్నట్టు, మంచి డీజిల్ గడ్డకట్టదు. ఎవరో బంకువాడు కల్తీ పోశాడు, ముందు అది తేల్చండి.

ఆటోనగర్ పంపు మేస్త్రి (రాత్రి 9.58)

మంట వద్దు. మిర్చి లోడు గారూ, ముందు బావమరిదికి ఫోను చేసి ఆ మాట చెప్పి, తరువాత మిగతాది చదవండి.

బందరు రోడ్డు గారూ, డీజిల్ భగ్గుమనకపోవచ్చు, ట్యాంకు చుట్టూ ఉన్నవి మాత్రం మండుతాయి. ఇంజిన్ నుంచి డీజిల్ తిరిగొచ్చే రిటర్న్ పైపు రబ్బరు. బ్రేకు గాలి పైపులు నైలాన్‌వి, అవి కాస్త వేడికే మెత్తబడి ఉబ్బుతాయి. అక్కడ ఊరుకుని, ఘాట్ దిగేటప్పుడు పగులుతాయి. వైరింగు సంగతి సరేసరి. పైన పట్టా కింద ఉన్నవి ఎండు మిర్చి బస్తాలు. అవి అంటుకుంటే ఆ ఘాటుకు మంట ఆర్పడానికి మనిషి దగ్గరికి పోలేడు.

సెల్ఫ్ కొట్టడం కూడా ఆపమనండి. బ్యాటరీ చలికే సగం చచ్చి ఉంటుంది, ఉన్న ప్రాణం రేపటికి కావాలి. ఇప్పుడు ఫిల్టర్ విప్పి చూసి ఒక్క సంగతి చెప్పమనండి: అడుగున ఉన్న నీటి గిన్నెలో గాజులా గట్టిగా ఉందా, లేక మైనంలా గోటికి వస్తోందా? మొదటిది నీరు గడ్డకట్టడం, రెండోది డీజిల్ గడ్డకట్టడం. మందు ఒకటే అనిపిస్తుంది కానీ కాదు.

మిర్చి లోడు, గుంటూరు (రాత్రి 10.30)

మంట వద్దని చెప్పాను. ఫిల్టర్ విప్పాడు. గోటితో గీకితే తెల్లగా కొవ్వొత్తి మైనంలా వస్తోందట, వేళ్ల మధ్య నలిపితే కరిగి డీజిల్ అయిపోతోందట. గట్టి మంచు లేదు. పాపం చేతులు కొంకర్లు పోతున్నాయని గొంతులోనే తెలుస్తోంది. ఇప్పుడు ధాబాలో బొగ్గుల పొయ్యి దగ్గర కూర్చున్నాడు.

మంచి డీజిల్ గడ్డకట్టదంటున్నారే, అది నిజమా?

రసాయనం మాస్టారు, సత్యనారాయణపురం (రాత్రి 10.44)

నిజం కాదు. కల్తీ లేని డీజిల్ కూడా గడ్డకడుతుంది. మన ఇళ్లలో ధనుర్మాసం వచ్చేసరికి కొబ్బరినూనె సీసాలో తెల్లగా పేరుకుంటుందా లేదా? అది కల్తీ అని ఎవరూ అనరు, సీసాను ఎండలో పెడతారు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది కనుక మన కంటపడుతుంది. డీజిల్‌కు అంత చలి విజయవాడలో ఎన్నడూ రాదు కనుక దాని ఈ గుణం మనకు తెలియదు, అంతే.

డీజిల్‌లో పారఫిన్ అనే మైనం సహజంగానే కరిగి ఉంటుంది. ఆ మైనమే డీజిల్‌కు మండే చురుకునిస్తుంది కూడా, కాబట్టి దాన్ని పూర్తిగా తీసేయరు. చలి పెరిగేకొద్దీ అది సన్నని పలుకులుగా విడివడుతుంది. మొదట డీజిల్ మసకబారుతుంది. ఇంకాస్త దిగితే ఆ పలుకులు ఫిల్టర్‌ను మూసేస్తాయి. ఇంకా దిగితే మొత్తం కదలకుండా బిగుసుకుంటుంది. లారీ ఆగేది మూడో దశలో కాదు, రెండో దశలోనే. ఫిల్టర్ రంధ్రాలు మైక్రాన్లలో ఉంటాయి, మన వెంట్రుకే వాటికి పది రెట్లకు పైగా లావు. ట్యాంకులో డీజిల్ ఇంకా పారుతుండగానే ఫిల్టర్ దగ్గర దారి మూసుకుపోతుంది. మీ బండి అయిదు నిమిషాలు ఆడి ఆగింది అందుకే: పైపులోనూ ఫిల్టర్‌లోనూ మిగిలినది కాలింది, వెనక నుంచి మైనం వచ్చి కూర్చుంది.

మన దేశపు ప్రమాణం ఐఎస్ 1460లో ఈ ఫిల్టర్ మూసుకునే హద్దు చలికాలానికి 6 డిగ్రీలు, వేసవికి 18 డిగ్రీలు దాటకూడదని ఉంది. అంటే ప్లస్ 6. చలికాలపు డీజిలే ప్లస్ 6 దగ్గర ఇబ్బంది పెట్టినా నిబంధన ప్రకారం తప్పు లేదు. మీ బండి నిలబడ్డది మైనస్ 8లో.

కృష్ణలంక కుర్రాడు (రాత్రి 10.51)

మాస్టారూ, అయితే కిరసనాయిలు కలిపితే పలుచబడదా? మా తాతగారు అలాగే చేసేవారట.

ఆటోనగర్ పంపు మేస్త్రి (రాత్రి 11.05)

పలుచబడుతుంది. తాతగారి బండి పంపు వేరు, ఇప్పటి పంపు వేరు తమ్ముడూ. కామన్ రైల్ అని, డీజిల్‌ను చాలా ఒత్తిడితో కొట్టే ఇప్పటి పంపుకు వేరే ఆయిలు ఉండదు, డీజిలే దాని జిడ్డు. కిరసనాయిలు పొడిపొడిగా ఉంటుంది, లోపల ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. నా బల్ల మీదికి అలాంటి పంపులు ఏడాదికి అయిదారు వస్తాయి. విప్పగానే వెండి పొడిలా మెరుస్తుంది, అది పంపు అరిగిన పొడి. అక్కడితో ఆగదు, నాజిళ్లన్నిటిలోకీ పోతుంది. బీఎస్-6 బండయితే, అంటే కొత్త కాలుష్య నిబంధనలదైతే, పొగగొట్టంలో పొగను శుభ్రం చేసే సామాను కూడా పోతుంది, ఎందుకంటే బీఎస్-6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎమ్ (పది లక్షల పాళ్లలో పది) దాటకూడదు, కిరసనాయిల్లో అంతకు ఎన్నో రెట్లు ఉండవచ్చు. పైగా కలపడం చట్టరీత్యా నేరం. పెట్రోలు గురించి అసలు అడగకండి.

మాధవరం సుబేదారు, ప్రస్తుతం పటమట (మంగళవారం ఉదయం 5.20)

రాత్రి చూడలేదు, ఇప్పుడే చదివాను. ఆర్మీలో డ్రైవరుగా చేరి సుబేదారుగా దిగాను, కార్గిల్, ద్రాస్ వైపు అయిదు చలికాలాలు చేశాను. అప్పట్లో దాటింది పాత జవాహర్ సొరంగం, 1956 నాటిది. మీవాళ్లు వచ్చింది 2021లో తెరిచిన కొత్త దాంట్లోంచి అయ్యుంటుంది, ఎనిమిదిన్నర కిలోమీటర్లది.

మంట మాటకొస్తే, మేమూ బ్లోల్యాంపు వాడాం. ఇంజిన్ ఆయిలు గిన్నె కింద మాత్రమే, అదీ ఒక మనిషి ఇసుక బకెట్టు పట్టుకుని పక్కన నిలబడితేనే. ట్యాంకు వైపు తిప్పితే హవల్దారు బెత్తం ఆడేది. రాత్రి పూట వంతులవారీగా లేచి రెండు గంటలకొకసారి ప్రతి బండినీ స్టార్టు చేసి పావుగంట ఉంచేవాళ్లం. నా వంతు రెండింటికి వచ్చేది. చేతికి తొడుగు లేకుండా బానెట్ పట్టుకున్నాను ఒకసారి, చర్మం ఇనుముకు అతుక్కుంది. ఆ మచ్చ ఇప్పటికీ బొటనవేలి మీద ఉంది.

మీ బావమరిదికి చెప్పండి నాయనా: బండి ముక్కు తూర్పుకు తిప్పుకోగలిగితే తిప్పుకోమను. రేడియేటరు ముందు అట్టముక్క కట్టమను. గాలి ట్యాంకులలో నీళ్లు వదిలేయమను, లేకపోతే డీజిల్ కరిగాక బ్రేకులు పట్టేసి కూర్చుంటాయి. హ్యాండ్ బ్రేకు తీసి చక్రాలకు రాళ్లు పెట్టమను. కాస్త వేడిగా ఏదైనా తినమను.

ఆటోనగర్ పంపు మేస్త్రి (ఉదయం 7.15)

సుబేదారు గారికి దండం. ఇక ఈ రోజు పని. ధాబాలో ఒక డేగిసా నిండా నీళ్లు కాయించమనండి. మరిగేవి కాదు, చెయ్యి పెడితే చురుక్కుమనేంత. గుడ్డ తడిపి ఫిల్టర్‌కు, పంపుకు వెళ్లే పైపుకు చుట్టి, చల్లారగానే మార్చాలి. వైరు జాయింట్ల మీద, మరీ చల్లని గాజు మీద, పోతపోసిన మూతల మీద ఒక్కసారిగా గుమ్మరించకూడదు, పగులుతాయి. కొత్త ఫిల్టర్ ఉందా? ఉంటే రాత్రి వాడు పడుకున్న గదిలోనే ఉండాలి, చొక్కా లోపల పెట్టుకుని తీసుకెళ్లినా నవ్వను. అందులో ట్యాంకు డీజిల్ నింపవద్దు. దగ్గర బంకులో రెండు లీటర్లు తెచ్చి, అది గదిలో వెచ్చబడ్డాక పోయాలి. తరువాత చేతి పంపుతో గాలి తీసి, అప్పుడు సెల్ఫ్.

సీసాల్లో అమ్మే మందు గురించి అడగబోతారు, ముందే చెబుతున్నాను. అది మైనం పలుకులను చిన్నవిగా ఉంచుతుంది, కట్టిన గడ్డను కరిగించదు. డీజిల్ వెచ్చగా ఉండగా, కొండ ఎక్కకముందే పోస్తే పని చేస్తుంది. ఇప్పుడు పోస్తే డబ్బు పోసినట్టే.

మిర్చి లోడు, గుంటూరు (మధ్యాహ్నం 1.20)

స్టార్టయింది! మీ అందరి పాదాలకు నమస్కారం.

మిర్చి లోడు, గుంటూరు (మధ్యాహ్నం 1.55)

మళ్లీ ఆగింది. ఇరవై నిమిషాలు ఆడిందట. కొత్త ఫిల్టర్ కూడా నిండిపోయింది. ఈసారి మైనం పసుపుగా, జిగటగా ఉందట, రాత్రి చూసినది తెల్లగా ఉంది. అక్కడ ఎండ కూడా వచ్చింది, ప్లస్ 5 అంటున్నాడు. ఎండ వచ్చినా కరగదా?

రసాయనం మాస్టారు, సత్యనారాయణపురం (మధ్యాహ్నం 2.10)

పేరుకున్నంత సులువుగా కరగదు. నెయ్యి పేరుకునే వేడికీ కరిగే వేడికీ తేడా ఉంటుంది కదా, ఇదీ అంతే. ప్లస్ 5 సరిపోదు. కానీ పసుపుగా, జిగటగా అన్నారే, అది నాకు నచ్చలేదు. పారఫిన్ జిగటగా ఉండదు.

ఆటోనగర్ పంపు మేస్త్రి (మధ్యాహ్నం 2.14)

నాకూ నచ్చలేదు. సూటిగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. బండికి రెండు ట్యాంకులు ఉండాలి. రెండింటిలోనూ ఎక్కడెక్కడ కొట్టించారు?

మిర్చి లోడు, గుంటూరు (సాయంత్రం 4.05)

చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను.

మొదటి ట్యాంకు పంజాబ్‌లో మంచి బంకులోనే నింపాడు. రెండోదానిలో, దారిలో ఒకచోట రోడ్డు పక్కన డ్రమ్ములు పెట్టుకుని అమ్మేవాడి దగ్గర 120 లీటర్లు పోయించాడు. 'బయో డీజిల్' అన్నాడట, లీటరుకు 14 రూపాయలు తక్కువ. రసీదు లేదు. ఫోనులో అరుద్దామనుకున్నాను. వాడు ఒకే మాట అన్నాడు: 'బావా, ఎక్కడ తక్కువకు దొరికితే అక్కడ కొట్టించమని బయలుదేరేటప్పుడు చెప్పింది నువ్వే.' చెప్పాను, అబద్ధమాడలేను. కిలోమీటరుకు ఎంత ఖర్చయిందని ప్రతి ట్రిప్పుకూ లెక్క అడిగేదీ నేనే.

బందరు రోడ్డు (సాయంత్రం 4.11)

కల్తీ అని నేను మొదటే చెప్పాను.

ఆటోనగర్ పంపు మేస్త్రి (సాయంత్రం 4.13)

చెప్పారు. మంట పెట్టమని కూడా చెప్పారు.

వేదిక నిర్వాహకుడు (సాయంత్రం 4.20)

ఇద్దరూ అక్కడితో ఆపండి. అక్కడ ఇద్దరు మనుషులు మంచులో ఉన్నారు.

రసాయనం మాస్టారు, సత్యనారాయణపురం (సాయంత్రం 4.38)

ఇప్పుడు పసుపు సంగతి అర్థమైంది. బయో డీజిల్ నూనెల నుంచి, కొవ్వుల నుంచి చేస్తారు. ఏ నూనె అన్నదాన్ని బట్టి అది పేరుకునే వేడి మారుతుంది. పామాయిల్‌తో చేసినదైతే పది డిగ్రీల పైనే పేరుకోవచ్చు. చలికాలంలో కిరాణా కొట్టులో పామాయిల్ ప్యాకెట్టు నొక్కి చూడండి, వెన్నముద్దలా తగులుతుంది. ప్రమాణాలకు లోబడి కొద్దిపాళ్లలో కలిపిన బయో డీజిల్‌ను నేను తప్పుపట్టడం లేదు. డ్రమ్ములో ఉన్నది అసలు బయో డీజిలో, వాడేసిన వంట నూనెలో ఏదో కలిపినదో ఎవరికి తెలుసు? రెండు ట్యాంకుల మధ్య పైపు తెరిచి ఉంటే అది మంచిదానిలోకీ చేరింది.

ఆటోనగర్ పంపు మేస్త్రి (సాయంత్రం 4.55)

కిందపడ్డ పాలకు ఏడవకండి, పని చూద్దాం. రెండు ట్యాంకుల మధ్య వాల్వు ముందు మూసేయమనండి. ఇక రెండో ట్యాంకును ఈ ట్రిప్పులో ముట్టుకోవద్దు.

ఇరవై లీటర్ల డబ్బాలు రెండు, శుభ్రమైనవి, నీళ్లు లేనివి సంపాదించి అక్కడి బంకులో కొట్టించాలి. అక్కడి స్థానిక లారీలు ఏ బంకులో కొట్టిస్తున్నాయో చూసి అక్కడే. డబ్బాలను రాత్రంతా గదిలో ఉంచాలి, పొయ్యికి దూరంగా. పొద్దున ట్యాంకు నుంచి వచ్చే పీల్చే పైపునూ, ఇంజిన్ నుంచి తిరిగొచ్చే పైపునూ రెండింటినీ విప్పి డబ్బాలో పెట్టాలి. ఇదే అసలు కిటుకు. ఇంజిన్ తాను తీసుకున్న డీజిల్ అంతా కాల్చదు, చాలా భాగం వేడెక్కి వెనక్కి వస్తుంది. ఆ వేడి డీజిల్ డబ్బాలోకే వస్తుంటే డబ్బా చల్లారదు, ఫిల్టర్ మూసుకోదు. అరగంట అలా ఆడాక, తిరిగొచ్చే పైపును మాత్రం మొదటి ట్యాంకుకు మార్చాలి. ఇక వేడి డీజిల్ ట్యాంకులోకి పోతూ లోపల నుంచి కరిగిస్తుంది. బయటి నుంచి మంట పెట్టి చేయాలనుకున్న పనిని ఇంజినే లోపల నుంచి చేసిపెడుతుంది. ఒక మనిషి డబ్బా దగ్గరే కూర్చోవాలి, అది ఖాళీ అయితే గాలి పీల్చుకుని మళ్లీ మొదటికొస్తుంది. డబ్బాతో బండిని రోడ్డు మీద నడపవద్దు, నిలబెట్టి మాత్రమే.

ట్యాంకులో పీల్చే గొట్టం చివర జల్లెడ ఉంటుంది. దాన్ని తీసి చూడమనండి, సగం జబ్బు అక్కడ ఉండవచ్చు.

కృష్ణలంక కుర్రాడు (సాయంత్రం 5.30)

నాది బీఎస్-6 బండి. వచ్చే నెల లేహ్ వైపు లోడు ఉందంటున్నారు. పొగను శుభ్రం చేయడానికి వేరే ట్యాంకులో పోసే యూరియా నీళ్లు కూడా గడ్డకడతాయా?

మాధవరం సుబేదారు, ప్రస్తుతం పటమట (సాయంత్రం 6.02)

మా కాలంలో ఆ నీళ్లు లేవు. మేస్త్రి గారు చెప్పాలి. లద్దాఖ్‌కు అయితే ఇప్పుడు మేలు నాయనా. 2019 నవంబరు నుంచి ఇండియన్ ఆయిల్ వాళ్లు అక్కడికి ప్రత్యేకంగా చలికాలపు డీజిల్ పంపుతున్నారు, పానిపట్టు రిఫైనరీలో తయారయింది, మైనస్ 33 దాకా పారుతుంది. మేము కిరసనాయిలు డబ్బాలు మోసిన చోట మీరు బంకులో కొట్టించుకుని పోతారు. ఒక్కటి గుర్తుపెట్టుకో: దొరుకుతుంది కదా అని కింద కొట్టించిన డీజిల్ సగం ట్యాంకు మిగిలి ఉండగా దాని మీద పోయించకు. కిందిది అయిపోనిచ్చి పైది నింపు. ఫిబ్రవరిలో దారిలోని జోజిలా కనుమ మంచుకు మూసి ఉండవచ్చు, లోడు ఒప్పుకునే ముందు అది కనుక్కో.

ఆటోనగర్ పంపు మేస్త్రి (సాయంత్రం 6.20)

యూరియా మైనస్ 11 దగ్గర గడ్డకడుతుంది, అది మామూలే, చెడిపోదు. దాని ట్యాంకును కూలెంటు వేడే కరిగిస్తుంది, బండి స్టార్టవడానికి అది అడ్డు కాదు. నిండా మాత్రం పోయకు, గడ్డకట్టినప్పుడు ఉబ్బుతుంది. దానిలో వేరే ఏదీ కలపకు. నీ కూలెంటు ఎప్పుడు మార్చావో అది చూసుకో, మనవాళ్లు సగం మంది రేడియేటరులో కుళాయి నీళ్లు పోసుకుని తిరుగుతున్నారు. మైనస్‌లో ఆ నీరు గడ్డకడితే బ్లాకు పగులుతుంది, దాని ముందు డీజిల్ గొడవ ఒక గొడవే కాదు.

మిర్చి లోడు, గుంటూరు (బుధవారం ఉదయం 11.48)

నడుస్తోంది. ఈసారి రెండు గంటలు ఆగి, రూఢి చేసుకుని రాస్తున్నాను.

జల్లెడ తీస్తే గోధుమపిండి ముద్దలా ఉందట. కడిగి పెట్టారు. డబ్బా దగ్గర క్లీనరు కూర్చున్నాడు, పద్దెనిమిదేళ్ల పిల్లవాడు, ఒంటి మీద మా ఇంటి దుప్పటి. తిరిగొచ్చే పైపు పట్టుకుని 'అన్నా, వేడిగా ఉంది, చేతులు కాచుకుంటున్నా' అన్నాడట. ట్యాంకును పైన చేత్తో తట్టి చూస్తే గంటన్నరకు చల్లదనం పోయిందన్నాడు మా బావమరిది. రోడ్డు తెరిచారు. శ్రీనగర్ ఇంకా డెబ్బై కిలోమీటర్ల చిల్లర.

రసాయనం మాస్టారు, సత్యనారాయణపురం (బుధవారం రాత్రి 8.30)

సంతోషం. నిన్నటి నుంచి నాకూ నిద్ర పట్టలేదు. మన ఊరి బంకు డీజిల్ ఒక సీసాలో తెచ్చి, బకెట్టులో ఐసు ముక్కలు, కల్లుప్పు కలిపి, పాలఐసు చేసినట్టు దానిలో దించి, ల్యాబు థర్మామీటరు పెట్టాను. 8 డిగ్రీల దగ్గర మసకబారింది. సున్నా దాటి నాలుగు దిగేసరికి సీసా తలకిందులు చేసినా కదలలేదు. ఒక సీసాతో తేలేది కాదు కానీ కళ్లారా చూడటం వేరు. ఇంట్లో ఆవిడ మాత్రం సంక్రాంతి సామానుతో తెచ్చిన కల్లుప్పు అంతా అయిపోయిందని, బకెట్టు డీజిల్ వాసన కొడుతోందని మాట్లాడటం మానేసింది.

మిర్చి లోడు, గుంటూరు (ఆదివారం సాయంత్రం 6.10)

బండి మిర్చి దించి, కోల్డ్ స్టోరేజీ ఆపిళ్లు వేసుకుని కొండ దిగింది, ఇప్పుడు జమ్మూలో ఉంది. రెండో ట్యాంకు వాల్వు మూసే ఉంది. లెక్క వేశాను, అలవాటు పోలేదు: 120 లీటర్ల మీద మిగిలింది 1,680 రూపాయలు. రెండు ఫిల్టర్లకే అంతకన్నా ఎక్కువయింది. మూడు రోజుల ధాబా ఖర్చు, ఆలస్యానికి వ్యాపారి కోసుకున్నది వేరు. బావమరిదిని లెక్క అడగలేదు. వాడే రాసి పంపాడు, చివర్లో 'దుప్పటి ఒకటి, 900' అని ఉంది.

మేస్త్రి గారూ, బండి రాగానే ఆటోనగర్ తీసుకొస్తాను. రెండో ట్యాంకు దించి కడగాలి కదా?

ఆటోనగర్ పంపు మేస్త్రి (ఆదివారం సాయంత్రం 6.41)

దించాలి, పైపులతో సహా. పంపు కూడా ఒకసారి చూస్తాను. పొద్దున్నే రండి, ఎండ ఎక్కితే ట్యాంకు కింద దూరలేను. వచ్చేటప్పుడు రెండు కిలోల మిర్చి, ఆ పెట్టెల్లోంచి నాలుగు ఆపిళ్లు.

మాధవరం సుబేదారు, ప్రస్తుతం పటమట (ఆదివారం సాయంత్రం 6.50)

ఆ క్లీనరు పిల్లవాడిని కూడా తీసుకురా నాయనా. నా దగ్గర తోలు చేతి తొడుగులు ఒక జత వాడకుండా ఉన్నాయి.